ఇంగ్లండులో కొత్త అడవి పెంపకానికి దరఖాస్తు: పూల పచ్చిక బయళ్ల విషయంలో పాటించవలసిన విధానం

ఇంగ్లండులో సొంత భూమిలో కనీసం ఒక హెక్టారు మేర కొత్తగా అడవి పెంచదలచినవారు, ఇంగ్లండ్ వుడ్‌ల్యాండ్ క్రియేషన్ ఆఫర్ కింద గ్రాంటు కోసం, అడవుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫారెస్ట్రీ కమిషన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఆ నేల అడవిపూలు విరివిగా పూసే పాత పచ్చిక బయలు కాదని ముందే తేల్చుకోవాలి. 1930ల నుంచి 1984 నాటికే ఇంగ్లండు, వేల్స్‌లలోని అటువంటి బయళ్లలో దాదాపు 97 శాతం దున్నకాలకు, రసాయన ఎరువులకు అంతరించాయి. మిగిలిన కాస్తను చెట్ల కోసం వదులుకోవడం పర్యావరణానికి మేలు చేసినట్లు కాదు.

ముందుగా ప్రభుత్వ మ్యాజిక్ వెబ్‌సైటు పటంలో మీ భూమిపై ప్రాధాన్య ఆవాసాల (ముఖ్యంగా కాపాడవలసిన సహజ నెలవుల) గుర్తులు ఉన్నాయేమో చూడాలి. లేవని నిశ్చింతగా ఉండరాదు, ఎందుకంటే ఎవరూ సర్వే చేయని బయలు పటానికి ఎక్కదు. అందుకే స్థానిక పర్యావరణ రికార్డుల కేంద్రంలో వాకబు చేసి, కమిషన్ తరఫున మీ ప్రాంతం చూసే వుడ్‌ల్యాండ్ ఆఫీసరును తొలిదశలోనే సంప్రదించాలి.

అసలు చిక్కు కాలంతోనే వస్తుంది. మొక్కల సర్వేను మే నుంచి జూలై లోపు, గడ్డి కోయకముందే, వృక్షశాస్త్రం తెలిసినవారి చేత చేయించాలి. గొర్రెలు నున్నగా మేసిన జనవరి పొలంలో నిపుణులకు సైతం పెద్దగా ఏమీ అంతుపట్టదు. ఎల్లో రాటిల్ అనే పసుపుపూల మొక్క పాత పూల బయలుకు మంచి ఆనవాలు: అది గడ్డి వేళ్ల నుంచి సారం లాగి గడ్డిని పలచబరుస్తుంది, ఆ సందులో ఇతర పూలమొక్కలు లేస్తాయి, దాని ఎండుకాయను కదిపితే గింజలు గలగలమంటాయి. ఎరువు ఎరుగని పొట్టి పచ్చికలో వాక్స్‌క్యాప్ పుట్టగొడుగులు శరత్కాలంలో గాని బయటపడవు కనుక, అటువంటి నేలను అక్టోబరు, నవంబరులలో మరోసారి చూపించడం మంచిది. సర్వే కాలం దాటిపోతే దరఖాస్తు ఏడాది వెనక్కి పోయినట్లే.

నాటే విస్తీర్ణం సాధారణంగా 5 హెక్టార్లు, నేషనల్ పార్కుల్లో 2 హెక్టార్లు దాటితే, పర్యావరణ ప్రభావ మదింపు అవసరమో కాదో కమిషన్ అభిప్రాయం తీసుకోవాలి. తక్కువ సున్నితమైనవిగా గుర్తించిన ప్రాంతాల్లో ఈ హద్దు 50 హెక్టార్లు.

పూల బయలు ఉందని తేలిన భాగాన్ని నాటే పటం నుంచి తప్పించి, చెట్ల నీడ పడనంత ఎడం వదలాలి. చుట్టూ చెట్లు కమ్మి, మేతా కోతా ఆగిపోయిన చిన్న ముక్కలో పూలు నిలవవు. కాబట్టి ఆ పనులు ఎలా కొనసాగుతాయో దరఖాస్తులోనే రాయడం మేలు. ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ రూరల్ పేమెంట్స్‌లో భూమి నమోదు పూర్తిచేసి, పటాలు, సర్వే నివేదిక జతచేసి పంపాలి. ఒప్పందం కుదరకముందే నాటిన మొక్కలకు గ్రాంటు రాదు. మదింపు అనుమతి అవసరమైన చోట అది లేకుండా నాటితే, వాటిని తొలగించి నేలను పూర్వస్థితికి తెమ్మని కమిషన్ ఆదేశించవచ్చు.