పేరు కాదు, వీధి పట్టుకోండి

వేల్స్ బొగ్గు గనుల్లో పనిచేసిన పూర్వీకుడి జాడ ఒక్క పేరుతో వెతికితే తల తిరిగిపోతుంది. రోండా లోయలో ఎక్కడ చూసినా జోన్స్‌లు, డేవిస్‌లు, ఇవాన్స్‌లే. ముందు 1911 జనాభా లెక్కల ఫారం తీయండి. ఇంటి పెద్దే నింపాలి కాబట్టి చాలాసార్లు ఆయన చేతిరాతే కనబడుతుంది. బొగ్గు కొట్టేవాడా, గుర్రంతో బొగ్గుబళ్లు తోలేవాడా అన్నది వృత్తి గడిలో చూడండి. ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది పోయారు అన్న గడులూ ఉంటాయి. అక్కడ నేనైతే కాసేపు ఆగిపోతాను. తర్వాత వీధి పేరు, దగ్గర్లోని గని పేరు పట్టుకుని వేల్స్ నేషనల్ లైబ్రరీ వారి పాత పత్రికల వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితమే. 1913లో 439 మంది కార్మికులను బలిగొన్న సెంగ్‌హెనిద్ పేలుడు లాంటివే కాదు, ఒక్క మనిషి పోయిన ప్రమాదాల వార్తలూ అందులో దొరుకుతాయి.