కారు కింద చుక్క పడకుండానే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోందా?
వీ6 (వీ ఆకారంలో ఆరు సిలిండర్లున్న) ఇంజన్ అయితే ముందు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంపే గొట్టాల భాగం), సిలిండర్ హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) కలిసే అంచు మీద టార్చ్ వేసి చూడండి. కారిన కూలెంట్ ఆ వేడికి అక్కడే ఆరి, తెల్లగానో పచ్చగానో చారలు కట్టి ఉంటుంది. మా పాత బండిలో అలాగే దొరికింది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) కూడా తీయండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే అందులో కూలెంట్ కలిసినట్టే, ఇక స్టార్ట్ చేయొద్దు, బేరింగులు పోతాయి.

ఆ అంచులో కారకుండా ఆపే పలుచని సీలు, అంటే గాస్కెట్ మార్చాలంటే ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. పోర్టుల్లో (సిలిండర్లలోకి గాలి వెళ్లే రంధ్రాల్లో) శుభ్రమైన గుడ్డలు కుక్కి (తర్వాత లెక్కపెట్టి తీయండి), పాత గాస్కెట్‌ను ప్లాస్టిక్ స్క్రాపర్‌తోనే గీకండి. అల్యూమినియం మీద గీత పడిందా, మళ్లీ అక్కడి నుంచే కారుతుంది. బోల్టులు మాన్యువల్లో చెప్పిన వరుసలో, విడతలుగా, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించండి. విప్పేటప్పుడు కొంత కూలెంట్ లోపలికి జారుతుంది కాబట్టి ఆయిల్, ఫిల్టర్ కూడా అప్పుడే మార్చేయండి.