వాళ్ళ నేల, వాళ్ళ గొంతు – 4వ పాఠం: ‘ఉండేవాళ్ళు’ కాదు, ఉన్నారు

ఈసారి ఏ మూలవాసుల నేల ఎక్కడో చూపే మ్యాపుల గురించి చెప్దామనుకున్నా, కానీ పోయిన పాఠం ప్రాక్టీస్‌కి మీరు రాసి పంపిన పేరాలు చదివాక అది పక్కన పెట్టేశా. ఆస్ట్రేలియాలో ఉలురు అనే పెద్ద రాతికొండ గురించి అక్కడి మూలవాసులు చెప్పిన మాటలు చదివి, విని, పది లైన్లు మీ సొంత మాటల్లో రాయమన్నా కదా. చాలామంది మొదటి లైనే ఇలా మొదలుపెట్టారు: ‘పూర్వం ఇక్కడ అనంగు అనే తెగ నివసించేది.’

ఈ ఒక్క లైన్లో రెండు తప్పులున్నాయి. పెద్దది ముందు చెప్తా, ఎందుకంటే అది చూసిన ప్రతిసారీ నాకు నిజంగా బాధేస్తుంది.

‘నివసించేది’ అన్నారంటే ఇప్పుడు నివసించట్లేదనే కదా. కానీ ఆ రాతికి దగ్గర్లోనే ముటిచులు అని వాళ్ళ ఊరుంది, జనం ఉన్నారు, పిల్లలున్నారు. 1985 అక్టోబర్ 26న ప్రభుత్వం ఆ నేల హక్కు వాళ్ళకి తిరిగిచ్చింది, వాళ్ళు దాన్ని నేషనల్ పార్క్ కోసం 99 ఏళ్ళకి లీజుకిచ్చారు, పార్కుని నడిపే బోర్డులో ఎక్కువమంది వాళ్ళే. ఆ రాయి ఎక్కొద్దని ఏళ్ళ తరబడి అడిగీ అడిగీ, 2017లో బోర్డు ఏకగ్రీవంగా తీర్మానం చేస్తే 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం బంద్ అయింది, సరిగ్గా నేల తిరిగొచ్చిన తారీఖునే. ఇంత చేసినవాళ్ళ గురించి ‘ఉండేవాళ్ళు’ అని ఎలా రాస్తాం?

తెలుగులో ఈ చిక్కు ఎక్కడుందో సరిగ్గా పట్టుకోండి. ‘చేశారు’తో గొడవ లేదు. ‘చేసేవారు’తోనే గొడవ. ‘చేశారు’ అంటే ఒకసారి జరిగిన పని, ‘చేసేవారు’ అంటే ఒకప్పుడు అలవాటు, ఇప్పుడు లేదు అని. మనం ఆ ‘ఇప్పుడు లేదు’ అనే మాట పైకి అనం గానీ చదివేవాడికి అదే వినిపిస్తుంది. మా తాత పొద్దున్నే లేచేవాడు అంటే ఎవరూ ఇంకేం అడగరు, తాత లేడని అర్థమైపోతుంది. ఒక జాతి మొత్తం గురించి అలా రాసేస్తున్నాం మనం.

ఇంకో పేరాలో ‘హైడా ప్రజలు దేవదారు మానుతో పడవలు చెక్కేవారు’ అని వచ్చింది. చెక్కుతున్నారు, ఇవాళ కూడా. కెనడా పడమటి తీరంలో వాళ్ళ దీవులకి ఒక ఇంగ్లీష్ ఓడ కెప్టెన్ రాణి పేరున్న తన ఓడ పేరు పెడితే 2010లో ఆ పేరు పోయి అధికారికంగా హైడా గ్వాయ్ అయింది. వాళ్ళ భాషలో ప్రజల దీవులు అని అర్థం.

మరి ‘చేశారు’ ఎక్కడ వాడాలి? ‘1890లో ఫ్యూక్స్ అనే పరిశోధకుడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమాక్వడీ ప్రజల పాటలు మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు.’ తారీఖుంది, చేసిన మనిషున్నాడు, ఇది కరెక్టు. ఆ వెంటనే ‘వాళ్ళు ఈ పాటలు పాడేవారు’ అని రాశారో మళ్ళీ మొదటికొచ్చారు.

దీని తమ్ముడు లాంటిదే ‘పురాణం’ అనే మాట. ఉలురువాళ్ళు చుకుర్‌ప అంటారు, దాన్ని మీలో కొందరు పురాణకథలు అని తేల్చేశారు. అది కథలు మాత్రమే కాదు, చట్టం కూడా. ఎవరు ఎవరికి ఏమవుతారు, నేలని ఎలా చూసుకోవాలి, ఏది ఎవరికి చెప్పొచ్చు, అన్నీ అందులోనే. తెలుగు మాట దొరక్కపోతే చుకుర్‌ప అనే ఉంచి పక్కన ఒక వాక్యంలో వివరించండి, నేనైతే అంతే చేస్తా.

ఇప్పుడు రెండో తప్పు, అనంగు. వాళ్ళు రాసేటప్పుడు ఇంగ్లీష్ ఎన్ అక్షరం కింద చిన్న గీత పెడతారు. ఆ గీతకి అర్థం నాలుక వెనక్కి మడవమని, అంటే మన ణ. అణంగు! ఇంగ్లీషువాళ్ళకి ఆ అక్షరమే లేదు, మనకి ఉండి కూడా ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి ‘న’ రాస్తున్నాం. నా పద్ధతి ఏంటంటే స్పెల్లింగ్ మీద కాగితం పెట్టి కప్పేసి, ఆడియో మూడుసార్లు విని, తెలుగులో రాసుకుని, అప్పుడు కాగితం తీస్తా. ఫస్ట్‌వాయిసెస్ అనే వెబ్‌సైట్‌లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మూలవాసులు 2003 నుంచి తమ మాటలు తమ గొంతుతోనే పెడుతున్నారు, చెవి తయారవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

ఒకరు అలాంటి ఆడియో ఒకటి డౌన్‌లోడ్ చేసి సొంత వీడియోలో కలిపారు. దయచేసి తీసేయండి. వినడానికి పెట్టారు, పంచడానికి అనుమతి వేరే. పాసమాక్వడీ వాళ్ళు ఆ పాత రికార్డింగులకి పెట్టిన లేబుళ్ళలో ఒకదానికి ‘ఇది అమ్మేది కాదు’ అని అర్థం. ముకుటు అనే ఆన్‌లైన్ వేదిక కూడా ఆస్ట్రేలియాలోని వారుముంగు ప్రజల అవసరంలోంచి పుట్టిందే. వాళ్ళ భాషలో ముకుటు అంటే విలువైనవి దాచుకునే సంచి. ఏది ఎవరు చూడొచ్చో ఆ సమాజమే నిర్ణయించుకుంటుంది. తాళం వేసి ఉన్న పేజీ కనబడితే అది కూడా పాఠంలో భాగమే అనుకుని ముందుకెళ్ళండి.

ప్రాక్టీస్: పాత పేరా చింపేసి కొత్తగా పన్నెండు వాక్యాలు రాయండి. ‘-ఏవారు, -ఏవాళ్ళు, -ఏది’ అని ముగిసే అలవాటు క్రియ ఒక్కటి కూడా ఉండకూడదు. జరిగిపోయింది చెప్పాలంటే సంవత్సరం ఉండాలి, చేసిందెవరో ఉండాలి. కనీసం నాలుగు వాక్యాల్లో ‘అణంగు చెప్తున్నదేంటంటే’ అని వాళ్ళ మాట వాళ్ళ పేరుతోనే రావాలి. తర్వాత ఐదు పేర్లు స్పెల్లింగ్ చూడకుండా విని తెలుగులో రాయండి, ఒక్కోటి ఇరవై సార్లు వినండి, ఎక్కువే అడుగుతున్నానని తెలుసు. మ్యాపులు వచ్చే పాఠంలో చూద్దాం, ఒకే చోట రెండు మూడు రంగులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, అప్పటిదాకా వాటిల్లో ఒకటే నిజమని అనుకోకండి.