వరంగల్ ఎండల్లో, ముసురులో ఆర్కిడ్‌కు నీళ్లు పోసే పద్ధతి

ఆర్కిడ్‌కు వారానికి ఎన్నిసార్లు నీళ్లు పోయాలి? అందరూ మొదట అడిగేది ఇదే, కానీ దీనికి ఒక్క జవాబు లేదు. హన్మకొండలో మే నెలలో మూడు రోజులకే గలగలమని ఎండిపోయే కుండీ, ఆగస్టు ముసురులో పది రోజులైనా లోపల తడిగానే ఉంటుంది. రోజులు లెక్కపెట్టడం మానేసి వేర్లు చూడటం అలవాటు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఫలెనాప్సిస్, డెండ్రోబియం, వాండా మూడూ చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే జాతులు. బదనికలాగా చెట్టు రసం పీల్చవు, ఉండటానికి చోటు మాత్రమే తీసుకుంటాయి. వాటి వేరు చుట్టూ వెలమెన్ అనే స్పాంజి లాంటి పొర ఉంటుంది. వాన పడితే నిమిషాల్లో నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తర్వాత గాలికి ఆరుతుంది. తడవడం ఎంత అవసరమో ఆరడమూ అంతే అవసరం. కుండీలో ఎప్పుడూ నీళ్లు నిలిస్తే వేరుకు గాలి అందదు. ముందు ఊపిరాడక చస్తుంది, బూజు ఆ తర్వాత పడుతుంది. అందుకే ఆర్కిడ్‌ను ఎర్రమట్టిలోనో పశువుల ఎరువులోనో పెడితే నీళ్లు ఎంత జాగ్రత్తగా పోసినా లాభం లేదు. బెరడు ముక్కలు, కట్టెబొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి పెచ్చు ముక్కలు వంటివే కావాలి. కుండీకి అడుగునే కాక పక్కలకూ రంధ్రాలుండాలి.

తడి ఉందో లేదో ఇలా చూడండి. ఫలెనాప్సిస్‌ను పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో పెంచేది ఇందుకే. తడిసిన వేరు పచ్చగా ఉంటుంది, ఆరిన వేరు వెండి రంగుకు తిరుగుతుంది. గోడకు ఆనిన వేర్లు పచ్చగా ఉన్నంతకాలం, లోపల నీటి బొట్లు కనిపిస్తున్నంతకాలం చెంబు ముట్టుకోవద్దు. మట్టి కుండీ అయితే వెదురు పుల్లను వేర్లకు తగలకుండా సగం లోతుకు దింపి, పావుగంట తర్వాత తీసి చెంపకు ఆనించుకోండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. నీళ్లు పోయగానే ఒకసారి, ఆరాక ఒకసారి కుండీని చేత్తో ఎత్తి చూస్తూ ఉంటే నెల తిరిగేసరికి బరువే చెప్పేస్తుంది.

నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కతో మాత్రం జాగ్రత్త. చాలావాటికి వేర్ల నడుమ స్ఫాగ్నం నాచు గట్టిగా కూరి ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగా తగులుతుంది, నడుమ మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. పైన పొడిగా ఉంది కదా అని నీళ్లు పోస్తే మొక్క వానాకాలం దాటదు. పూలు రాలాక ఆ నాచు తీసేసి బెరడులోకి మార్చడం మంచిది. కొత్త బెరడు నీళ్లను పట్టుకోదు, జారవిడుస్తుంది. కాబట్టి ముందు రాత్రి నానబెట్టి వాడండి.

ఇక పోయడం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు సరైన వేళ. ఐదంగుళాల కుండీకి రెండు మూడు చెంబులు, అంటే లీటరు నుంచి లీటరున్నర నీళ్లు, బెరడు మీద చుట్టూ తిప్పుతూ నెమ్మదిగా పోయండి. అడుగు నుంచి ధారగా కారాలి. మొదటిసారి నీళ్లు ఎక్కువగా పక్కలనుంచే జారిపోతాయి, అందుకని ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ఒకసారి పోయాలి. తర్వాత కుండీని కొంచెం వాల్చి మిగిలిన నీళ్లు వంపేయండి. అందానికి పింగాణీ కుండీలో పెట్టి ఉంటే, దాన్ని బయటికి తీసి నీళ్లు పోసి, పూర్తిగా కారాకే లోపల పెట్టాలి. అడుగున అరంగుళం నీళ్లు నిలిచినా వేర్ల కొసలు నల్లబడతాయి.

బాగా ఎండిపోయిన కుండీని పదిహేను నిమిషాలు బకెట్‌లో నానబెట్టవచ్చు. కానీ ఒకే బకెట్ నీళ్లలో వరసగా నాలుగు మొక్కలు ముంచకండి, ఒకదాని కుళ్లు తెగులు నాలుగింటికీ పాకుతుంది.

ఫలెనాప్సిస్‌లో నడుమ, ఆకులు కలిసేచోట ఉండే మొవ్వులో నీళ్లు నిలవకూడదు. ఆ మొక్కకు పెరిగే చోటు అదొక్కటే, అది కుళ్లితే కొత్త ఆకు రాదు. నీళ్లు పడితే టిష్యూ కాగితాన్ని కొస మెలిపెట్టి అందులో దింపండి, క్షణంలో పీల్చేస్తుంది. డెండ్రోబియం కొత్త పిలకలూ ఇంతే. రెండంగుళాల పిలక ఆకులు చుట్టుకుని చిన్న దొన్నెలా ఉంటుంది, నీళ్లు నిండితే మొదలు దగ్గరే మెత్తబడి ఊడి చేతికొస్తుంది. డెండ్రోబియం పాత కాడలకు ఆకులు రాలిపోయాయని కోసెయ్యకండి. మొక్క నీళ్లు దాచుకునేది వాటిలోనే.

బహుమతిగా వచ్చే కుండీలకు వారానికి మూడు ఐసు గడ్డలు చాలని రాసి ఉంటుంది. నాచు కుండీలోకి నీళ్లు నెమ్మదిగా దిగడానికి అదొక ఉపాయం. బెరడు కుండీలో, మన ఎండకు, మూడు గడ్డల నీళ్లు ఏ మూలకూ రావు.

వాండా వేరే లెక్క. ఏ బెరడూ లేకుండా గంపలో వేలాడుతుంది కాబట్టి రోజూ నీళ్లు కావాలి, ఎండాకాలంలో రెండు పూటలా. పైపుతో ఒకసారి చల్లి పోతే సరిపోదు. వేర్లు తడిపి, రెండు మూడు నిమిషాలు ఆగి, మళ్లీ తడపాలి. వెండి రంగు వేరు కొస నుంచి పైదాకా పచ్చగా తిరిగే వరకు అలా చేయాలి. తీరిక లేకపోతే పది నిమిషాలు వేర్లను బకెట్‌లో ముంచి తీయండి. రెండో పూట నాలుగు గంటలకు ముందే ముగిస్తే చీకటిపడేలోగా ఆకులు ఆరతాయి.

మన దగ్గర కాలాన్ని మించిన చిక్కు నీళ్లదే. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. కుండీ అంచున, వేర్ల మీద తెల్లటి పొర కట్టడం, ఆకు కొసలు, వేరు కొసలు మాడటం దాని గుర్తులు. మరగబెడితే కొంత సున్నం దిగుతుంది గానీ మిగతా ఉప్పులు పోవు. రాత్రంతా నిలవ ఉంచితే క్లోరిన్ తగ్గుతుంది తప్ప ఉప్పు తగ్గదు. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, దానితో చూసి, 200 లోపు ఉన్న నీళ్లు వాడండి. వాన నీళ్లు అన్నిటికన్నా మేలు, డ్రమ్ములో పట్టి మూతపెట్టుకోండి. చెరువుల నుంచి శుద్ధిచేసి వచ్చే నల్లా నీళ్లు సాధారణంగా బోరు కంటే నయం. ఆర్‌వో నీళ్లు మంచివే, కొంచెం నల్లా నీళ్లు కలిపితే మొక్కకు కాల్షియం అందుతుంది. ఆర్‌వో యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం, వృథా పోతున్నాయి కదా అని, ఆర్కిడ్‌కు పోయకండి. వడపోతలో ఆగిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. బోరు నీళ్లే దిక్కయితే నెలకోసారి వాన నీళ్లతోనో ఆర్‌వో నీళ్లతోనో కుండీని ధారాళంగా కడగండి.

రోహిణి కార్తెలో డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. ముందురోజు రాత్రే బకెట్‌లో పట్టి నీడన పెట్టుకోవాలి. చలికాలంలో దీనికి తిరగేసి, తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు గడ్డకట్టినట్టుంటాయి, ఎండ ఎక్కాకే పోయండి. ఎండాకాలం బెరడులోని ఫలెనాప్సిస్‌కు సుమారు మూడు నాలుగు రోజులకోసారి, వానల్లో వారం పది రోజులకు, చలికి వారానికోసారి నీళ్లు పడతాయి. ఇవి అంచనాలే, తీర్పు చెప్పేది మాత్రం వేర్లే. కూలర్ ఉన్న గది మేలే, తేమ ఉంటుంది, కానీ దాని గాలి నేరుగా తగిలితే కుండీ ఒక్క రోజులో ఎండుతుంది. తేమ కోసం పళ్లెంలో గులకరాళ్లు పోసి, నీళ్లు రాళ్ల పైఅంచు దాటకుండా పోసి, పైన కుండీ పెట్టవచ్చు.

ఎరువుల దుకాణాల్లో దొరికే 19-19-19ను (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు అర గ్రాము, అంటే పావు టీస్పూను పొడి రెండు లీటర్లకు, పెరిగే కాలంలో వారానికోసారి చాలు. ఆరిన వేర్ల మీద ఎరువు నీళ్లు పోస్తే అవి మాడతాయి. ముందు ఉత్త నీళ్లతో తడపండి.

ఆకులు ముడతలు పడితే వెంటనే నీళ్లు కుమ్మరించకండి. దాహంతోనూ ముడతలు పడతాయి, వేర్లు కుళ్లినా పడతాయి. కుండీ నుంచి తీసి చూడండి. వేర్లు తెల్లగా గట్టిగా ఉంటే దాహమే, నానబెడితే వారం పది రోజుల్లో కోలుకుంటుంది. గోధుమరంగుకు తిరిగి, నొక్కితే పై పొర ఊడి నడుమ దారం ఒక్కటే మిగిలితే అది కుళ్లు. మంట మీద కాల్చి చల్లార్చిన బ్లేడుతో అలాంటివన్నీ కోసి, కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దండి, మంచి వేరుకు తగిలితే అదీ ఎండిపోతుంది. కొత్త బెరడులో, వీలైతే ముందుకన్నా చిన్న కుండీలో పెట్టి, నీడలో ఉంచి, రెండు మూడు రోజులు ఆగి నీళ్లు మొదలుపెట్టండి. పచ్చటి కొసతో కొత్త వేరు కనిపించేదాకా ఎరువు జోలికి వెళ్లవద్దు.