పీఆర్, కాపీరైటింగ్ ఏజెన్సీలో ఇంటర్న్‌షిప్ ఎలా చేయాలి?

తెలుగు బాగా రాసే పిల్లలు ఇంట్లో ఉంటే ‘ఏదైనా యాడ్ ఏజెన్సీలో చేరకూడదా’ అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. చేరొచ్చు. హైదరాబాద్‌లో ప్రకటనల ఏజెన్సీలు, పీఆర్ సంస్థలు చాలానే ఉన్నాయి. ముంబయి, బెంగళూరు ఏజెన్సీలకూ తెలుగులో సొంతంగా రాసేవాళ్లు కావాలి. కాకపోతే ఇది కవిత రాసుకోవడం లాంటి పని కాదు. మీరు రాసినదానికి ఒకరు డబ్బు కడతారు, దాన్ని ఇంకొకరు పనుల మధ్య హడావిడిగా చదువుతారు. ఆ చదివే మనిషిని ముందు పెట్టుకుని రాయడం నేర్చుకోవడానికే ఇంటర్న్‌షిప్ అని నేను గట్టిగా నమ్ముతాను.

చేరేముందు ఒక తేడా తెలియాలి. కాపీరైటింగ్ అంటే డబ్బు కట్టి కొన్న చోట రాసే ప్రకటన. అక్కడ మీరు రాసింది రాసినట్టే అచ్చవుతుంది. పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) అంటే పత్రికలవాళ్లు వార్తగా వేసుకునేలా సమాచారం అందించడం. అక్కడ మీ రాతను పత్రిక డెస్క్‌లో వార్తలు దిద్దే సబ్ ఎడిటర్ సగం కొట్టేయొచ్చు, మొత్తం పక్కన పెట్టేయొచ్చు. చిన్న ఏజెన్సీల్లో ఈ రెండు పనులూ ఇంటర్న్ చేతికే వస్తాయి.

దరఖాస్తుకు ముందు

రెజ్యూమె కంటే నమూనాలు ముఖ్యం. ఎవరూ పని ఇవ్వకపోయినా మీరే తయారు చేసుకోవచ్చు. మీ వీధి చివరి టిఫిన్ సెంటర్‌కు కరపత్రం, మీ కాలేజీ రక్తదాన శిబిరం గురించి పత్రికలకు పంపే ప్రెస్ నోట్, దగ్గర్లోని బట్టల షాపుకు 30 సెకన్ల రేడియో స్పాట్ (రేడియో ప్రకటన) రాయండి. మూడు చాలు, కానీ ఒక్క అచ్చుతప్పు ఉండకూడదు. వాటిని జత చేసి నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి. ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు, స్టైపెండ్ ఎంత అన్నది చేరకముందే మెయిల్‌లో రాయించుకోండి. ఇంటర్న్‌షిప్ ఇవ్వడానికి మీ దగ్గరే డబ్బు అడిగితే ఆ గడప తొక్కకండి.

టెస్ట్ పెడితే

చాలాచోట్ల ఇంగ్లిష్ మేటర్ ఇచ్చి తెలుగులో రాయమంటారు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఒక నగల దుకాణం ప్రకటన అనుకుందాం. తరతరాలుగా జనం నమ్మిన షాపు అన్నది బ్రీఫ్, అంటే ప్రకటనలో చెప్పమని ఇచ్చిన విషయం. ‘తరాలను అనుసంధానించే విశ్వాస బంధం’ అని రాస్తే తప్పు లేదు, ప్రాణమూ లేదు. అలా ఏ తల్లీ కూతురితో మాట్లాడదు. ‘అమ్మమ్మ గాజులు ఇక్కడివే. అమ్మ హారమూ ఇక్కడిదే. మరి నీ పెళ్లికి?’ అని చూడండి. ఇందులో విశ్వాసం అన్న మాటే లేదు, విషయం మాత్రం చేరింది. ఇంగ్లిష్ కాగితం చదివాక దాన్ని బోర్లించి, ఇంట్లోవాళ్లకు నోటితో చెప్పినట్టు చెప్పి, అప్పుడు రాయండి.

మొదటి వారం: క్లిప్పింగులు

మొదట్లో మీకు ఇచ్చేది పత్రికల పనే. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, నమస్తే తెలంగాణ తిరగేసి క్లయింట్ (ఏజెన్సీకి పని ఇచ్చిన సంస్థ) వార్త ఏ ఎడిషన్‌లో, ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌లలో వచ్చిందో కత్తిరించి షీట్‌లో ఎక్కించాలి. దీన్ని గుమాస్తా పని అనుకోవద్దు. నేను ఈ వృత్తిలో నేర్చుకున్నదాంట్లో సగం ఆ క్లిప్పింగుల దగ్గర నేర్చుకున్నదే. మీ ఏజెన్సీ పంపిన ప్రెస్ నోట్‌ను పక్కన పెట్టుకుని నాలుగు పత్రికల్లో వచ్చిన వార్తలు వరసగా చదవండి. ఏ వాక్యం అందరూ ఉంచారు? ఏ పేరా అందరూ తీసేశారు? చైర్మన్ గారి పొగడ్తల పేరా దాదాపు ఎప్పుడూ పోతుంది. తేదీ, చోటు, సంఖ్య, జనానికి పనికొచ్చే ముక్క నిలబడతాయి. ఇలా ఒక పది నోట్లు పోల్చి చూస్తే ఏది వార్తో మీకే తెలిసిపోతుంది.

ప్రెస్ నోట్ రాయడం

కొత్తవాళ్లు సాధారణంగా ఇలా మొదలుపెడతారు: ‘ఆరోగ్య రంగంలో విశిష్ట సేవలందిస్తూ ప్రజల మన్ననలు పొందుతున్న మా ఆసుపత్రి ఆధ్వర్యంలో ఉచిత నేత్ర వైద్య శిబిరం నిర్వహించబడునని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.’ ఎప్పుడో, ఎక్కడో లేదు. దాన్నే ఇలా మార్చండి: ‘నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఈ నెల 14న, ఆదివారం, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఉచితంగా కంటి పరీక్షలు చేస్తారు. పాత కళ్లద్దాలు, మందుల చీటీలు ఉంటే వెంట తెచ్చుకోవాలి.’ ఆసుపత్రి పేరు రెండో పేరాలో వచ్చినా నష్టం లేదు.

తేదీ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ప్రెస్ మీట్ ఆహ్వానంలో ‘రేపు ఉదయం 11 గంటలకు, సోమాజిగూడ ప్రెస్ క్లబ్’ అని రాశాను. మెయిల్ వెళ్లేసరికి అర్ధరాత్రి దాటింది. పొద్దున చూసినవాళ్లు రేపంటే మరుసటి రోజు అనుకున్నారు. కుర్చీలు వేసి ఉన్నాయి, క్లయింట్ వచ్చి కూర్చున్నారు, విలేకరులు ముగ్గురే వచ్చారు. ఆ రోజు నుంచి ‘నేడు’, ‘రేపు’ అనే మాటలు నా నోట్‌లలో లేవు. తేదీ, వారం రెండూ రాస్తాను.

ఫాంట్ల గొడవ ఇంకొకటి. డీటీపీ ఆపరేటర్లు చాలామంది ఇప్పటికీ ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో పనిచేస్తారు. మీరు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో కొట్టేది యూనికోడ్ అనే వేరే పద్ధతి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు వత్తులు జారిపోతాయి. మార్చాక తప్పకుండా ప్రింట్ తీసి, పెన్ను పట్టుకుని అక్షరం అక్షరం చదవండి. పేర్లు, ఇంటిపేర్లు, హోదాలు, ఫోన్ నంబర్లు రెండుసార్లు చూడాలి. ఫొటో కింద ‘ఎడమ నుంచి’ అని వరసగా పేర్లు ఇవ్వండి.

విలేకరులతో మాట్లాడటం

సాయంత్రం వార్తలు రాసే హడావిడిలో ఫోన్ చేయొద్దు. జిల్లా పేజీలు సిటీ పేజీల కంటే ముందే ముగిస్తారు కాబట్టి జిల్లాలకు ఇంకాస్త ముందే పంపాలి. ప్రెస్ క్లబ్‌లో అందరూ ఒకరినొకరు ‘అన్నా’ అని పిలుచుకోవడం వింటారు. మొదటి ఫోన్‌లోనే ఆ చనువు వద్దు, పేరు పక్కన ‘గారు’ చేర్చండి. నోట్ అందిందా అని ఒక్కసారి అడగండి, వేస్తారా అని వెంటపడకండి. ఎవరైనా కవర్లలో డబ్బు పెట్టి పంచమంటే మాత్రం మర్యాదగా, కచ్చితంగా కాదనండి. ఆ అలవాటు రెండు వృత్తులకూ చేటు.

అడిగినదానికి నిజం చెప్పడం ఈ పనికి మొదటి నుంచీ ఉన్న పునాది. 1906లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. రైల్వే కంపెనీ తరఫున పీఆర్ పని చూసే ఐవీ లీ ఆ వివరాలు దాచకుండా విలేకరులకు రాసి ఇచ్చాడు. మొదటి ప్రెస్ నోట్‌గా చాలామంది చెప్పేది దాన్నే.

కాపీ డెస్క్‌లో

ప్రకటనకు హెడ్‌లైన్ ఒక్కటి అడిగితే ఇరవై రాయండి. మొదటి ఐదూ అందరికీ తట్టేవే. రేడియో స్పాట్ అయితే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి గట్టిగా చదవండి. నాలుక మడత పడిన చోట మాట మార్చాలి. హోర్డింగ్ అయితే కదిలే బస్సులోంచి చదివే మనిషిని ఊహించుకుని మాటలు తగ్గించండి.

క్లయింట్ రాయమన్నదల్లా రాయకూడదు. మధుమేహం, క్యాన్సర్ నయం చేస్తామని మందు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ‘నంబర్ వన్’ అని రాయమంటే ‘దేని ప్రకారం అండీ?’ అని మీ సీనియర్‌ను అడగండి. ఇంటర్న్ అడగాల్సిన ప్రశ్నే అది.

వెళ్లేముందు

సర్టిఫికెట్‌లో తేదీలతో పాటు మీరు చేసిన పనులు కూడా రాయమనండి. అచ్చయిన నోట్‌లు, ప్రకటనలు నమూనాగా పెట్టుకోవడానికి అనుమతి మెయిల్‌లో తీసుకోండి. ఇంకా బయటికి రాని క్లయింట్ విషయాలు మాత్రం స్నేహితులకూ చెప్పొద్దు. చేరిన రోజు మీరు రాసిన నోట్, సీనియర్ ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రతి, చివరి వారం రాసిన నోట్ మూడూ ఒకే ఫైల్లో ఉంచండి. తర్వాతి ఇంటర్వ్యూలో ఏం నేర్చుకున్నావని అడిగినప్పుడు ఆ ఫైలు తెరిచి బల్ల మీద పెట్టొచ్చు.