మైక్రోటీసీఏ (ఒకే పెట్టెలో చాలా ఎలక్ట్రానిక్ కార్డులు పెట్టి నడిపే పద్ధతి) కార్డుకు పవర్ రావట్లేదా? వేడెక్కి ఆగిపోతోందా?

సమస్య: స్లాట్‌లో కార్డు పెట్టారు, అది ఆన్ అవ్వట్లేదు.

ముందు హ్యాండిల్ చూడండి. కార్డు గట్టిగా కూర్చున్నా సరే, హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్లి దాని వెనక స్విచ్ నొక్కుకుంటేనే కార్డు నడవడానికి కావాల్సిన 12 వోల్టులు అడిగే పని మొదలవుతుంది. ఇది చూడకుండానే కార్డు పాడైందని వెనక్కి పంపేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

హ్యాండిల్ బాగానే ఉంది, ఎంసీహెచ్ (పెట్టెలోని కార్డులన్నిటినీ అదుపు చేసే కంట్రోలర్) లిస్టులో కార్డు కనిపిస్తోంది, కార్డును గుర్తుపట్టడానికి వాడే 3.3 వోల్టుల మేనేజ్‌మెంట్ పవర్ కూడా ఉంది, 12 వోల్టులే రావట్లేదా? అయితే అసలు చిక్కు ఎఫ్‌ఆర్‌యూలో (కార్డు తన వివరాలు దాచుకునే చిన్న మెమరీలో) ఉండొచ్చు. కార్డు ఎంత కరెంటు లాగుతుందో ఎంసీహెచ్ ముందుగా కొలవదు. కార్డు తన ఎఫ్‌ఆర్‌యూలో రాసుకున్న అంకెనే నమ్ముతుంది. ఆ అంకె 12 వోల్టుల దగ్గర ఆంపియరులో పదోవంతుల లెక్క. అంటే 65 అని ఉంటే 6.5 ఆంపియర్లు, 78 వాట్లు. వాట్లనుకుని 65 రాసినా, పెద్ద మోడల్ ఫైలును అలాగే కాపీ చేసినా లెక్క తప్పుతుంది. అలా పెద్ద మోడల్ ఫైలు పడితే, నిజంగా 40 వాట్లే వాడే కార్డు 78 వాట్లు అడుగుతుంది. పవర్ మాడ్యూల్‌లో 60 వాట్లే మిగిలి ఉంటే ఎంసీహెచ్ ఇవ్వదు. కార్డులో మాత్రం ఏ లోపమూ ఉండదు, అందుకే ఇది ఇంత టెన్షన్ పెడుతుంది.

అవసరం లేని ఇంకో కార్డును తీసేసి, దీన్ని మళ్లీ పెట్టి చూడండి. ఇప్పుడు ఆన్ అయితే దొంగ దొరికినట్టే. ఐపీఎంఐటూల్ (ipmitool) అనే కమాండ్ ప్రోగ్రామ్‌తో ఎఫ్‌ఆర్‌యూ చదవండి, ఆ కరెంటు అంకె ఆంపియర్లలోనూ వాట్లలోనూ కనిపిస్తుంది. తయారీదారు నుంచి సరైన ఫైలు తెప్పించి ఎక్కించండి. చేత్తో మారిస్తే చెక్‌సమ్ (డేటా సరిగ్గా ఉందో లేదో చూసే అంకె) కూడా మార్చాలి. మిగిలి ఉన్న పవర్‌లో పట్టించడానికి అంకెను అసలు వాడకం కన్నా తగ్గించకండి. ఇప్పటికి ఆన్ అవుతుంది, లోడు పడ్డాక పవర్ మాడ్యూల్ ఆ స్లాట్‌ను కట్ చేస్తుంది.

సమస్య: కాసేపు పనిచేసి, టెంపరేచర్ అలారంతో ఆగిపోతోంది.

ఖాళీ స్లాట్లు తెరిచి ఉన్నాయా? గాలి అడ్డు లేని దారినే పోతుంది, వేడెక్కిన కార్డు మీదుగా కాదు. ప్రతి ఖాళీ స్లాట్‌లో గాలిని ఆపే ఫిల్లర్ మాడ్యూల్ పెట్టండి, ముందు ప్లేటు ఒక్కటే చాలదు. తర్వాత ఫ్యాన్ ఫిల్టర్ దుమ్ము దులపండి.

బ్యాక్‌ప్లేన్ (కార్డులన్నీ గుచ్చుకునే వెనక బోర్డు) పిన్ను వంగడం, పవర్ మాడ్యూల్ చెడిపోవడం అరుదు. ఇవన్నీ అయ్యాకే అటు చూడండి.