జరిగినదీ, మనం చేర్చినదీ

మనుషులను కలవరపెట్టేవి సంఘటనలు కావనీ, వాటి గురించి వారు చేసుకున్న నిర్ణయాలేననీ ప్రాచీన గ్రీకు, రోమన్ లోకపు స్టోయిక్ తత్త్వశాఖకు చెందిన ఎపిక్టీటస్ చెప్పిన మాట చాలామంది విన్నదే. రోములో బానిసగా బతికి, తరువాత గ్రీసు ప్రాంతంలోని నికోపొలిస్‌లో పాఠశాల నడిపిన ఆయన ఈ మాటను ఊరటగా కాక అభ్యాసంగా నేర్పాడు.

అభ్యాసంలో మొదటి పని వార్తనూ తీర్పునూ విడదీయడం. ఎవరైనా త్వరగా స్నానం ముగిస్తే ‘సరిగా చేయలేదు’ అనవద్దు, ‘త్వరగా చేశాడు’ అనమంటాడు ఎపిక్టీటస్. అతని ఉద్దేశం తెలియకముందే అది తప్పని ఎలా తేలుతుంది? ఉదయం మీరు ఒక స్నేహితుడికి వాట్సాప్‌లో సందేశం పంపారు, నీలి టిక్కులు కనిపించాయి, సాయంత్రమైనా జవాబు లేదు అనుకుందాం. ‘చదివాడు, ఇంకా జవాబివ్వలేదు’ అన్నంతవరకే వార్త. (నిజానికి ‘చదివాడు’ అన్నదీ కొంత ఊహే, తెరిచాడని మాత్రమే ఆ టిక్కులు చెబుతాయి.) ‘నన్ను లెక్కచేయడం లేదు’ అన్నది మనం చేర్చినది. ఈ రెండింటినీ కాగితం మీద వేర్వేరుగా రాసి, రెండోదానిలో ‘కావాలనే’, ‘ఎప్పుడూ’ వంటి మాటలుంటే కొట్టివేయండి.

ఆ తరువాతది కష్టమైన పని. ఏదైనా జరగగానే మనసులో మెదిలే తొలి స్ఫురణ మన అనుమతి లేకుండానే వస్తుందనీ, దానికి సమ్మతి తెలపడం మాత్రం మన చేతిలో ఉందనీ స్టోయిక్కుల సిద్ధాంతం. సముద్రంలో తుఫాను చెలరేగినప్పుడు ఒక స్టోయిక్ గురువు ముఖం కూడా పాలిపోయిందనీ, కారణం అడిగితే ఆయన ఈ భేదాన్నే వివరించాడనీ రోమన్ రచయిత ఔలుస్ జెల్లియస్ రాశాడు. కాబట్టి గుండె దడ పుట్టినందుకు సిగ్గుపడనక్కరలేదు. ఆ దడ చెప్పే కథను వెంటనే నమ్మకుండా ఒక పూట ఆగితే చాలు. మనసును రాయి చేసుకోవడమే స్టోయిక్ మార్గమనుకునేవారు ఈ ఘట్టాన్ని గమనించరు.

ఇది అన్యాయాన్ని సహించే ఉపాయమూ కాదు. మీ దగ్గర అప్పు తీసుకున్నవాడు గడువు దాటినా తీర్చలేదంటే, అది వార్త, కొట్టివేతకు లొంగదు. వెళ్లి అడగడం మీ పని, అతడు ఏమంటాడన్నది మీ వశంలో లేనిది. అందుకని బయలుదేరే ముందే అక్కడ ఎదురుకాగల సాకులనూ విసుగునూ ఊహించుకోండి. సార్వజనిక స్నానశాలకు వెళ్లేవాడు నీళ్లు చిమ్మేవారినీ, తోసేవారినీ, తిట్టేవారినీ, దొంగలనూ ముందే తలచుకోవాలని ఎపిక్టీటస్ చెప్పింది ఇందుకే.

రాత్రి దీపం తీసివేశాక, భార్య ఆ అలవాటు తెలిసి మౌనంగా ఉండగా, రోమన్ స్టోయిక్ తత్త్వవేత్త సెనెకా తన రోజంతటినీ విచారించుకునేవాడు. మీరూ ఆ వేళకు, వార్తనూ తీర్పునూ వేరుచేసి రాసుకున్న కాగితాన్ని తీయండి. స్నేహితుడి జవాబు అప్పటికి వచ్చి ఉంటే దాని పక్కనే రాయండి. కొట్టివేసిన మాటలను చించి పారేయవద్దు, ఎందుకంటే వారం రోజుల కాగితాలు పక్కపక్కన పరిస్తే, మీ తొందర ఎక్కువగా ఏ మనిషి విషయంలో, ఏ వేళలో జరుగుతోందో అవే చూపిస్తాయి.